నాలుగు మాటల యోగం: పాత మందుల పాఠాలు ఎట్ల చదవాలె?

వేములవాడ నుంచి మాట్లాడుతున్నా. వీడియోలో చెప్పిన ముచ్చటనే ఇక్కడ రాతలో పెట్టిన. రెండుసార్లు చెప్పిన మాటలు, నడుమ ఫోన్ మోగిన చోటు తీసేసిన. తొందరలో చెప్పిన లెక్కలను నింపాదిగా రాసిన. కాగితం మీద చూసుకోవాలనుకునేటోళ్లకు ఇదే పనికొస్తది.

పోయిన ఎపిసోడ్ తర్వాత మీలో చాలామంది ఒక్కటే అడిగిన్రు. "సార్, ఇంట్ల చేసుకునేటట్టు ఒక మంచి యోగం చెప్పుండ్రి, రాసుకుంటం." యోగం అంటే ఇక్కడ ఆసనాలు కాదు. ఒక లెక్క ప్రకారం కలిపిన మందులను ఆయుర్వేదంలో యోగం అంటరు. త్రిఫల ఒక యోగం, త్రికటు ఒక యోగం. సరే, ఇయ్యాల నేను ఒక యోగం చెప్తా. అందులో ఉన్నవి నాలుగే మందులు. అయితే ఆ నాలుగు మందులు ఒకప్పుడు నన్ను దుకాణం ముందట ఎట్ల నిలబెట్టినయో ముందు చెప్పాలె.

అప్పుడు నేను వరంగల్‌ల ఆయుర్వేదం రెండో సంవత్సరం చదువుతున్నా. ఎండాకాలం సెలవులకు ఇంటికి వచ్చిన. మా అక్క అత్తగారింటి నుంచి రెండేండ్ల కొడుకును ఎత్తుకొని వచ్చింది. పిలగానికి జ్వరం, విరేచనాలు, నడుమ నడుమ దగ్గు. మా తాత ఊర్లె వైద్యం చేసేటోడు. అప్పటికే ఆయన పోయి కొన్నేండ్లు. ఆయన రాసుకున్న నోటుబుక్కు మాత్రం ఎర్రగుడ్డల చుట్టి అటక మీద ఉన్నది. నేను దాన్ని దించి తిరగేస్తే సరిగ్గా పిలగాని రోగానికే ఒక యోగం కనబడ్డది. నాలుగు మాటలు, కింద "తేనెతో" అని ఉన్నది. ఇంకేం లేదు. ఎంతెంత అని లేదు, మందులోకి చెట్టులో ఏ భాగం అని లేదు.

ఆ నాలుగు మాటలు ఇవి: ఘన, కృష్ణ, అరుణ, శృంగి.

రెండో సంవత్సరం పిలగానికి ఉండే గర్వం మీకు తెలుసు. ఘన అంటే తుంగముస్త, అది నాకు వచ్చు. కృష్ణ అంటే పిప్పళ్లు, అదీ వచ్చు. అరుణ అంటే ఎర్రది కాబట్టి మంజిష్ఠ అయి ఉంటదని నాకు నేనే తీర్మానం చేసుకున్న. శృంగి ఏందో తెల్వదు. అయినా దుకాణంల అడిగితే ఇస్తరు కదా అని సైకిలేసుకొని పోయిన.

మూలికల దుకాణంల పెద్దాయన తుంగముస్త కట్టిండు, పిప్పళ్లు కట్టిండు, మంజిష్ఠ కట్టిండు. శృంగి అనంగనే ఆగిండు. "ఏ శృంగి బిడ్డా? కర్కాటకశృంగా, నాభి శృంగా?" అన్నడు. నేను నోరు తెరిచి నిలబడ్డ. "మందు ఎవరికి?" అని అడిగిండు. "రెండేండ్ల పిలగానికి" అన్న. ఆయన సొరుగు మూసిండు. కట్టిన పొట్లాలు కూడ వెనక్కి తీసుకున్నడు. "పిలగాన్ని ముందు దవాఖానకు తీస్కపో. చదువు తర్వాత చదువుదువు తియ్యి" అన్నడు.

ఇంటికొచ్చి చూస్తే పిలగాడు అక్క ఒడిల ఒరిగిపోయి ఉన్నడు. కండ్లు లోపలికి పోయినయి, నోరు ఎండిపోయింది. సర్కారు దవాఖానకు ఎత్తుకపోయినం. ఉప్పు చక్కెర కలిపిన ఓఆర్‌ఎస్ పొట్లాలు ఇచ్చి, చెంచాతోని ఆపకుండ తాగిపియ్యమన్నరు. మూడోనాడు లేచి ఆడుకున్నడు. ఇప్పుడు డిగ్రీ చదువుతున్నడు. ఈ కథ చెప్తే "మామా, నన్ను చంపబోయినవ్ కదా" అని నవ్వుతడు. నాకు మాత్రం ఇప్పటికీ నవ్వు రాదు.

ఎందుకు రాదంటే నాభి శృంగి అంటే వసనాభి. సంస్కృతంలో వత్సనాభం. దాని దుంపలో అకోనిటిన్ అనే విషం ఉంటది. పెదవులు, నాలుక తిమ్మిరెక్కుతయి, గుండె కొట్టుకునే తీరు తప్పుతది, మనిషి చనిపోతడు. ఆయుర్వేదంలో దాన్ని వాడుతరు, నిజమే. కాని గోమూత్రంలోనో పాలలోనో శోధన చేసిన తర్వాతనే, అదీ చాలా చిన్న మోతాదులో. దుకాణంల కొన్న పచ్చి దుంపను దంచి పిలగానికి తేనెల నాకిస్తే ఏమయితదో వేరే చెప్పనక్కరలేదు. కర్కాటకశృంగి వేరే. దుకాణాలల్ల కాకరశింగి అంటరు. ఒక చెట్టు మీద పురుగు వల్ల ఏర్పడే, కొమ్ము లాగ వంకర తిరిగిన కాయలాంటి బొడిపె అది. దగ్గుకు, ఆయాసానికి వాడుతరు. శృంగం అంటే కొమ్ము. రెండూ కొమ్ము లాగనే కనబడుతయి కాబట్టి రెంటికీ ఆ పేరు వచ్చింది.

తాత రాసుకున్న యోగం పేరు బాలచాతుర్భద్ర చూర్ణం. తర్వాత మా సార్‌ను అడిగితే చెప్పిండు. పదకొండో శతాబ్దంలో బెంగాల్‌లో చక్రపాణిదత్తుడు రాసిన చక్రదత్తంలో పిల్లల రోగాల అధ్యాయంలో ఉన్నది. నేను దుకాణంకు పొయ్యేముందు ఆ అధ్యాయం చూసి ఉంటే సంగతి వేరే ఉండేది. ఇప్పుడు ఆ నాలుగు మాటలను ఒక్కొక్కటి చూద్దాం. వీటిని చదవడం వస్తే మిగతా వందల యోగాలను చదవడానికి దారి దొరుకుతది.

ఘన అంటే మేఘం. తుంగముస్తకు మేఘం పేరు ఎందుకో ఎవరూ గట్టిగ చెప్పలేరు గాని, శ్లోకంలో మేఘం అనే అర్థం వచ్చే మాట ఏది కనబడ్డా అది తుంగముస్తనే. అంబుద, జలద, మేఘ, అన్నీ ఒకటే. పసుపుకు కూడ ఇట్లనే రాత్రి పేర్లు ఉన్నయి. నిశ, రజని అని రాస్తే ఆకాశంల చూడొద్దు, పసుపు డబ్బా చూడాలె. ఛందస్సు కుదరడానికి కవి ఏ మాట పడితే ఆ మాట వేసుకుంటడు. వైద్యుడు కవి కూడ అయితే వచ్చే ఇబ్బంది ఇది.

కృష్ణ అంటే నల్లది, అంటే పిప్పళ్లు. కణ, మాగధి, చపల అన్నా పిప్పళ్లే. ఇక్కడ పెద్ద చిక్కేమీ లేదు.

అరుణ దగ్గర నేను తప్పు చేసిన. నిఘంటువుల్లో అరుణ పేరు మంజిష్ఠకు ఉన్న మాట నిజమే. కాని అతివసకు కూడ ఉన్నది. ఏది తీసుకోవాలె? ఇక్కడ రోగాన్ని చూడాలె. పిలగానికి జ్వరం, విరేచనాలు. మంజిష్ఠ ముఖ్యంగా రక్తానికి, చర్మానికి వాడేది. అతివస అరుగుదల పెంచి విరేచనాలను కట్టేది. అతివసకు శిశుభైషజ్య అనే పేరు కూడ ఉన్నది, అంటే పిల్లల మందు. ఇంక వేరే సాక్ష్యం ఎందుకు? అరుణ ఇక్కడ అతివస.

అతివసకు ఇంకో పేరు విషా. చివర దీర్ఘం చూసుకోండి. విషం అంటే వసనాభి, విషా అంటే అతివస. ఒక్క దీర్ఘం తేడా. శ్లోకంలో మాటలు సంధి కలిసిపోతే ఆ దీర్ఘం ఎటు పోయిందో కనబడదు. దాన్ని తెలుగు లిపిలో చేత్తో రాసుకునేటప్పుడు దీర్ఘం సగం మంది పెట్టరు, మా తాతతో సహా. పైగా ఈ రెండు మొక్కలు చుట్టాలే. అకోనిటం అనే ఒకే ప్రజాతిలోవి, రెండూ హిమాలయాల వైపు పెరిగేవి, రెంటిదీ దుంపే మందు. అతివసలో వసనాభికి ఉన్నంత విషం లేదు. కాబట్టి మన వేములవాడ చుట్టుపక్కల గుట్టల్లో ఎంత వెతికినా అతివస దొరకదు. మా తాత కూడ దుకాణంలోనే కొని ఉంటడు. "తాతలు అడవిల ఏరుకొచ్చి ఇచ్చేటోళ్లు" అని మనం చెప్పుకునే మాట సగమే నిజం. మిగతా సగం బజారు.

అతివస దొరకకపోతే ఎట్ల? పదహారో శతాబ్దంలో భావమిశ్రుడు రాసిన భావప్రకాశంలో దొరకని మందుకు బదులు ఏది వెయ్యాలో ఒక పట్టిక ఉంది. అతివసకు బదులు తుంగముస్త వెయ్యమంటది. మంచిది. కాని మన యోగంలో తుంగముస్త ముందే ఉన్నది కదా! ఈ ప్రశ్న నేను నా దగ్గరికి వచ్చే విద్యార్థులందరినీ అడుగుత. ఒకే మందు పేరు యోగంలో రెండుసార్లు వస్తే రెండు పాళ్లు వెయ్యాలని ఇంకో నియమం ఉంది. ఆ లెక్కన రెండు పాళ్లు తుంగముస్త, ఒక పాలు పిప్పళ్లు, ఒక పాలు కర్కాటకశృంగి అయితది. నియమం ప్రకారం తప్పు లేదు. నా వరకు నేను దాన్ని బాలచాతుర్భద్రం అని పిలవను. పిల్లల మందు అని పేరున్నదాన్నే తీసేసి పిల్లల యోగం అనడం నాకు మనసొప్పదు.

ఈ నియమాలన్నిటికీ పరిభాష అని పేరు. యోగాలు చదవాలనుకునేటోళ్లు ముందు ఇది చదవాలె. అందరికీ అందుబాటులో ఉండేది శార్ఙ్గధర సంహిత. మూడు ఖండాలు, 32 అధ్యాయాలు. మొదటి అధ్యాయంలోనే మనకు కావాల్సింది చాలా ఉంది. యోగంలో ఏ సమయంలో తాగాలో చెప్పకపోతే పొద్దున అని అర్థం. మొక్కలో ఏ భాగమో చెప్పకపోతే వేరు. పాళ్లు చెప్పకపోతే అన్నీ సమానం. పాత్ర చెప్పకపోతే మట్టిది. ద్రవం చెప్పకపోతే నీళ్లు. మా తాత నోటుబుక్కులో పాళ్లు లేనందుకు నేను అప్పుడు "తాత మరిచిపోయిండు" అనుకున్న. మరిచిపోలేదు. చదివేటోనికి పరిభాష తెలిసే ఉంటదని విడిచిపెట్టిండు.

పచ్చి మందు వేస్తే ఎండుదానికి రెట్టింపు వెయ్యాలని ఇంకో నియమం, ఎందుకంటే పచ్చిదాంట్ల నీళ్లుంటయి. ఇది మనందరికీ వంటింట్లోనే తెలుసు. కాని దీనికి మినహాయింపులున్నయి. తిప్పతీగ, కొడిసెపాల, అడ్డసరం, బూడిదగుమ్మడి, పిల్లిపీచర, అశ్వగంధ లాంటి కొన్నింటిని ఎప్పుడూ పచ్చివే వాడాలె, రెట్టింపు చెయ్యొద్దు. పుస్తకంలో చెప్పిన కొలతే పచ్చిదాని కొలత అన్నమాట. చందనం అని ఉత్తగ రాస్తే చూర్ణాలకు, నూనెలకు, లేహ్యాలకు తెల్ల చందనం, కషాయాలకు, పట్లకు ఎర్ర చందనం. ఇవన్నీ ఒక్కరోజులో నోటికి రావు. నాకు రెండేండ్లు పట్టింది.

"భాగం చెప్పకపోతే వేరు" అన్న మాటకు మన ఊర్లనే ఒక మంచి ఉదాహరణ ఉంది. రాజన్న గుడికి వచ్చేటోళ్లు కోడె మొక్కు చెల్లించి, శివునికి మారేడు ఆకు సమర్పిస్తరు. మనకు మారేడు అంటే ఆకు. దశమూలంలో మారేడు అంటే వేరు. ఐదు చెట్ల వేర్లు, ఐదు చిన్న మొక్కల వేర్లు కలిపితే దశమూలం, పేరులోనే మూలం ఉన్నది. అదే మారేడును విరేచనాలకు వాడాలంటే పచ్చికాయ గుజ్జు ఎండబెట్టి వాడుతరు, అదీ పండు కాదు, కాయ. ఒక్క చెట్టు, మూడు భాగాలు, మూడు పనులు. మా దగ్గర ఒకాయన దశమూలం అని చెప్పి గుడి కాడ ఏరుకొచ్చిన మారేడు ఆకులు కాచి తాగిండట. నష్టం ఏం కాలేదు. నడుంనొప్పి కూడ పోలేదు.

దీంట్ల ఒక బాధ కూడ ఉంది. చెట్టు వేరు తవ్వితే చెట్టు చస్తది. అందుకే ఇప్పుడు దశమూలంలో పెద్ద చెట్లకు వేరు బదులు కాండం మీది బెరడు వాడకం చాలాచోట్ల నడుస్తున్నది. పుస్తకం ప్రకారం అది మార్పే. కాని దేశంల మారేడు చెట్లన్నీ తవ్వి పుస్తకాన్ని నిలబెట్టలేము కదా.

ఇక పాళ్ల సంగతి. కొన్ని యోగాల్లో మందుల పేర్లకంటే పాళ్లే ముఖ్యం. సితోపలాది చూర్ణం తీసుకోండి, దగ్గుకు వాడేది, మీలో చాలామంది ఇండ్లల్ల ఉంటది. పటికబెల్లం 16 పాళ్లు, వెదురుప్పు 8, పిప్పళ్లు 4, ఏలకులు 2, దాల్చినచెక్క 1. ఒక్కో మెట్టు దిగినకొద్దీ సగం. మొత్తం 31 పాళ్లు. 310 గ్రాములు చెయ్యాలంటే వరుసగా 160, 80, 40, 20, 10 గ్రాములు. ఇప్పుడు దీన్ని తిరగేసి చదవండి. ఘాటు మందు తక్కువ, తీపి ఎక్కువ. పొడిదగ్గుతో గొంతు మంటపుట్టిన మనిషికి పిప్పళ్లు ఎక్కువ వేస్తే ఇంకా మండుతది. అందుకే ఘాటును తీపిల ముంచిన్రు. మొత్తంలో సగానికి పైన చక్కెరే అని కూడ ఈ లెక్కే చెప్తది. షుగర్ ఉన్నోళ్లు "ఆయుర్వేదమే కదా" అని డబ్బాలు డబ్బాలు తింటున్నరు. పాళ్లు చదవడం వస్తే డబ్బా మూత తీసేముందే తెలిసిపోతది.

కషాయానికి వచ్చేసరికి శార్ఙ్గధరుని లెక్క ఒక పలం మందుకు పదహారు రెట్లు నీళ్లు పోసి, ఎనిమిదో వంతుకు దించడం. పలం అంటే ఇప్పుడు ప్రభుత్వ ఫార్ములరీ లెక్కలో 48 గ్రాములు, కర్షం 12 గ్రాములు. అంటే 48 గ్రాముల మందు, 768 మిల్లీలీటర్ల నీళ్లు, మిగిలేది 96 మిల్లీలీటర్లు. శార్ఙ్గధరుడు మాగధ మానం, కాళింగ మానం అని రెండు కొలతల పద్ధతులు చెప్పిండు. పాత పుస్తకంలో ఏ మానమో చూసుకోకుండ తూకం వేస్తే లెక్క తప్పుతది.

సింగపూర్‌ల పనిచేసే మన సిరిసిల్ల తమ్ముడు ఒకాయన అడిగిండు, "అన్నా, ఇక్కడ చైనా మందుల దుకాణాలు గల్లీకొకటి ఉన్నయి, వాళ్లవి కూడ ఇట్లనే ఉంటయా?" అని. మంచి ప్రశ్న. వాళ్లకు కూడ పాత యోగాల పుస్తకాలున్నయి. అన్నిట్ల పెద్ద పేరున్నది షాంగ్ హాన్ లున్. క్రీ.శ. 200 ప్రాంతంలో ఝాంగ్ ఝోంగ్‌జింగ్ రాసిండు. ఆయన ముందుమాటలో తన కథ చెప్పుకున్నడు. ఆయన వంశంలో రెండు వందల మందికి పైన ఉండేటోళ్లట. పదేండ్లు తిరగకముందే మూడింట రెండు వంతుల మంది చనిపోయిన్రు, వాళ్లల్ల పదికి ఏడుగురు జ్వరాలతోనే. ఆ దుఃఖంతోనే పాత యోగాలు వెతికి పుస్తకం రాసిండు. అందులో సుమారు 113 యోగాలుంటయి.

ఆ పుస్తకంలో మొదటి యోగం గుయ్ జీ తాంగ్. ఐదు మందులు: చైనా దాల్చిన చెట్టు లేత కొమ్మ, పియోనీ అనే పూలమొక్క వేరు, అల్లం, రేగుపండ్లు, అతిమధురం. నాలుగు మన వంటింటికి, మన పెరటికి దగ్గరివే. వాళ్లు మందులను రాజ్యం లాగ చూస్తరు. రాజు, మంత్రి, సహాయకులు, దూత. ఇందులో దాల్చిన కొమ్మ రాజు, పియోనీ మంత్రి, అల్లం, రేగు సహాయకులు, అందరినీ కలిపి నడిపే దూత అతిమధురం. నాకు అన్నిటికంటే నచ్చింది ఏందంటే, దాల్చిన కొమ్మ, పియోనీ చెరి మూడు పాళ్లు ఉంటే అది ఒళ్లునొప్పులతో చెమట పట్టే జ్వరానికి మందు. పియోనీ ఒక్కదాన్నే ఆరు పాళ్లు చేస్తే అది కడుపునొప్పి మందు అయిపోతది, పేరే మారుతది. మందులు అవే ఐదు. మన సితోపలాది చెప్పే సంగతి కూడ ఇదే.

ఇంకొకటి. ఆ కషాయం తాగిన తర్వాత వేడి వేడి పలచటి గంజి తాగి, కప్పుకొని పడుకొమ్మంటడు. గంజి కూడ యోగంలో భాగమే. మన దగ్గర దీన్ని అనుపానం అంటరు. బాలచాతుర్భద్రంలో తేనె అట్లాంటిది. నడుమ ఒక జాగ్రత్త చెప్తున్నా, ఏడాది నిండని పిల్లలకు తేనె పెట్టొద్దు, పుస్తకంలో ఉన్నా పెట్టొద్దు. తేనెలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి వల్ల చిన్నపిల్లలకు బోటులిజం అనే జబ్బు వస్తది. చక్రపాణిదత్తునికి ఇది తెలిసే వీలు లేదు, మనకు తెలుసు.

పేర్ల చిక్కు కూడ వాళ్లకు మనలాగనే ఉంది, దానికి వాళ్ల మందులు వాడినోళ్లు పెద్ద ధరే కట్టిన్రు. 1990 తర్వాత బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లో ఒక వైద్యశాలలో లావు తగ్గడానికి గోలీలు ఇచ్చిన్రు. ఇంగ్లీషు మందులతో పాటు రెండు చైనా మూలికలు కలిపినవి అవి. అందులో ఒకటి ఫాంగ్ జీ. ఫాంగ్ జీ పేరుతో రెండు వేరు వేరు మొక్కలు బజారులో ఉంటయి. ఒకటి స్టెఫానియా, దాంతో ఈ ప్రమాదం లేదు. రెండోది అరిస్టోలోకియా. ఒకదానికి బదులు ఇంకోటి వచ్చింది. వయసులో ఉన్న ఆడవాళ్లకు ఒక్కొక్కరికే కిడ్నీలు ఎండిపోయినయి. 1993లో అక్కడి డాక్టర్లు లాన్సెట్ పత్రికలో మొదటిసారి రాసిన్రు. వంద మందికి పైన దెబ్బతిన్నరు. చాలామందికి డయాలిసిస్ పెట్టాల్సి వచ్చింది, కిడ్నీలు మార్చాల్సి వచ్చింది, తర్వాత కొందరికి మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడ తేలింది. రెండు మొక్కలకు ఒకే పేరు ఉండటం వల్ల ఇంత జరిగింది. నాకు మా ఊరి దుకాణం పెద్దాయన అడిగిన మాట యాదికొస్తది, ఏ శృంగి బిడ్డా అని. బ్రస్సెల్స్‌లో ఏ ఫాంగ్ జీ అని అడిగే పెద్దాయన లేకపోయిండు.

ఇది ఎక్కడో బెల్జియం ముచ్చట అనుకోకండి. అరిస్టోలోకియా మన దగ్గర కూడ ఉంది. చేన్లల్ల నేల మీద పాకే గాడిదగడపాకు అదే ప్రజాతి. పాముకాటుకు మంచిదని ఊర్లల్ల దాచిపెట్టుకునే ఈశ్వరి వేరు కూడ అదే ప్రజాతి. ఈ ప్రజాతి మొక్కల్లో ఉండే అరిస్టోలోకిక్ ఆమ్లాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం, మనుషులకు క్యాన్సర్ తెస్తదని రుజువైన వాటి మొదటి వర్గంలో చేర్చింది. శివుని ఊర్లె ఉండి ఈశ్వరి మీద మాట అంటవా అని నన్ను ఒకరిద్దరు తిట్టిన్రు. తిట్టినా చెప్తా. కడుపులకు తీసుకోవద్దు. పాము కరిస్తే వేరు నూరుకుంట కూసోకుండ, విషానికి విరుగుడు సూది ఉన్న దవాఖానకు ఉరకండి.

"మరి ఏ పుస్తకాలు చదవాలె?" అని విద్యార్థులు అడుగుతరు. శార్ఙ్గధరం ముందు చదవండి. తెలుగు తెలిసినోళ్లకు బసవరాజీయం ఒక వరం. బసవరాజు శివభక్తుడు. సంస్కృత శ్లోకాల నడుమ తెలుగు కలిపి 25 ప్రకరణాలుగా రాసిండు, మన పాత వైద్యుల ఇండ్లల్ల ఎక్కువగ కనబడే పుస్తకం ఇదే. 1940 నాటి మందుల చట్టం కింద ఆయుర్వేదానికి ప్రమాణంగా ఒప్పుకున్న పుస్తకాల పట్టికలో కూడ ఇది ఉంది. అయితే దాంట్ల పాదరసం, గంధకం, నాభి ఉన్న రసయోగాలు చాలా ఉంటయి. చదవడానికి చదవండి, ఇంట్ల చెయ్యడానికి కాదు.

పేర్లల్ల అనుమానం వస్తే ఊహించకండి, నాలాగ. హైదరాబాద్ గడ్డిఅన్నారంలో జాతీయ భారతీయ వైద్య వారసత్వ సంస్థ ఉంది. వాళ్లు పాత నిఘంటువులను కంప్యూటర్‌లో వెతుక్కునేటట్టు పెట్టిన్రు. అరుణ అని కొడితే ఆ పేరు ఏ ఏ మందులకు ఉందో చూసుకోవచ్చు. నా కాలంల అది ఉంటే సైకిల్ తొక్కే పని తప్పేది. అట్లనే కేంద్ర ప్రభుత్వం 1978లో వేసిన ఆయుర్వేదిక్ ఫార్ములరీ మొదటి భాగంలో 444 యోగాలున్నయి. ప్రతి యోగానికి మూల శ్లోకం, మందు పేరు, ఏ భాగం, ఎన్ని గ్రాములు, ఏ పుస్తకం నుంచి తీసుకున్నది, అన్నీ పక్కపక్కన ఉంటయి. శ్లోకం మీద చెయ్యి పెట్టి మూసి, మీరే పట్టిక రాసి, తర్వాత చెయ్యి తీసి సరిచూసుకోండి. నేను ఆదివారం నా దగ్గరికి వచ్చే పిల్లలతో ఇదే చేయిస్త.

చదువుకోని, వట్టిగ మందు కొనుక్కునేటోళ్లకు ఒక మాట. సీసా మీద చీటీ చూడండి. ఏయే మందులు వేసిన్రో, ఏ పుస్తకం ప్రకారం చేసిన్రో రాయాలె. నాభి లాంటి విషద్రవ్యాలు ఉంటే వైద్యుని పర్యవేక్షణలో వాడాలని హెచ్చరిక ఉండాలె, అది నియమం. చీటీ లేని పొట్లంల ఏముందో ఆ దేవునికే తెలుసు.

తర్వాత పెద్దాయన దుకాణంకు మళ్లా పోయిన, నాలుగో సంవత్సరంల. "కర్కాటకశృంగి ఇయ్యి తాతా" అన్న. ఆయన గుర్తుపట్టలేదు. రెండు సొరుగులు తీసి రెండు దుంపలు కూడ చేతిల పెట్టిండు, "ఏది అతివస చెప్పు" అని. లోపల తెల్లగ ఉండి పుటుక్కున ఇరిగేది చూపించిన. "ఇప్పుడు కొనుక్కపో" అన్నడు. పైసలు మాత్రం తక్కువ చెయ్యలేదు, అతివస ధర అప్పుడు కూడ మండిపోయేది.

వచ్చే ఎపిసోడ్‌కు మీకు ఒక పని. తాళీసాది చూర్ణం: తాళీసపత్రం 1, మిరియాలు 2, శొంఠి 3, పిప్పళ్లు 4, వెదురుప్పు 5, ఏలకులు అర, దాల్చినచెక్క అర, చక్కెర 32 పాళ్లు. సితోపలాదిలో పాళ్లు దిగుతూ పోయినయి, ఇందులో ఎక్కుతూ పోయినయి. రెండూ దగ్గుకే. పొడిదగ్గు మనిషికి ఏది, ఆకలి లేక కఫం కట్టిన మనిషికి ఏది, ఎందుకు? పాళ్లు చూసి రాయండి. వచ్చేవారం రాజన్న కాడ జాతర రద్దీ ఉంటే ఒకటి రెండు రోజులు ఆలస్యమైనా అవుతది. ఉంటా మరి, నమస్కారం.